గాలి తిరగక ముందే జమ్ముకు నిప్పా: శామీర్‌పేట కుంటకు ఒక ఆదివారం

శనివారం మధ్యాహ్నం సూరారంలో, నేను పనిచేసే కర్మాగారంలో, భోజన విరామానికి ఫోను మోగింది. శామీర్‌పేట అవతల పొలమూ సొంత కుంటా ఉన్న అంజిరెడ్డి ఎంతో ఉత్సాహంగా చెప్పాడు: "సారూ, రేపు జమ్ముకు నిప్పు పెడుతున్నం. మీ కాయిదంల రాసినట్టే." నాకు ఒళ్ళు మండింది. వడగళ్ళ వాన కురిసి అప్పటికి రెండు రోజులే అయింది. మబ్బు విడలేదు, గాలి ఇంకా ఉత్తరం నుంచే వీస్తోంది. అటువంటి గాలికి ఎదురుగా ఏ వలస పిట్ట బయలుదేరుతుంది? ఈ ప్రయాణం అలా మొదలైంది.

చలికాలంలో ఉత్తర దేశాల నుంచి ఇటు వచ్చే గులాబి గోరింకలను ఆ ఊరివారు జొన్నపిట్టలంటారు. ఒళ్ళు లేత గులాబి, తలా రెక్కలూ నలుపు. పగలంతా పొలాల్లో, బూరుగు, మోదుగ చెట్లపై మేసి, సాయంత్రానికి కుంటలో నిలువెత్తు పెరిగిన జమ్ము గడ్డిలోకి వేల సంఖ్యలో చేరి, గోలగోలగా పాడి నిద్రపోతాయి. వసంతంలో అవి వెళ్ళిపోయాక ఎండిన జమ్మును తగలబెట్టడం అంజిరెడ్డి ఇంటి ఆనవాయితీ. బూడిదలోంచి వచ్చే లేత చిగురు బర్రెలకు మేత. పిట్టలు ఉండగా కాల్చకూడదన్నది ఆ ఇంటి కట్టడి. ఐదేళ్ళుగా వాటి రాకపోకలు ఒక పుస్తకంలో రాసుకుంటున్నవాణ్ణి గనుక, నిరుడు అంజిరెడ్డి అడిగితే ఆ ఐదేళ్ళకూ సగటు తీసి, "మార్చి నాలుగవ ఆదివారం నాటికి పిట్టలు వెళ్ళిపోవును" అని రాసి, పేరు పక్కన బి.ఏ. అని పెట్టి మరీ సంతకం చేసి ఇచ్చాను. నలభై దాటాక, రాత్రి కళాశాలలో సంపాదించిన అక్షరాలవి. వాటిని నేను ఎక్కడా వదలను.

ఆదివారం చర్చిలో ఆరాధన మానుకుని ఐదున్నరకు బయలుదేరాను. సూరారం నుంచి సుచిత్రకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు, అక్కడి నుంచి మేడ్చల్‌కు బస్సులో ముప్పై. ఏడు గంటలకు మేడ్చల్‌లో చాయ్ తాగి, శామీర్‌పేటకు షేర్ ఆటో ఎక్కాను. అక్కడి నుంచి కుంట దాకా బస్సు లేదు. అక్కడున్న ఒకే ఒక్క ఆటోవాడు నూట యాభై అడిగాడు.

"పిట్టలు సూడనీకి నూట యాభై బెడుతున్నవా అన్నా? మా ఇంటి మీద పావురాలున్నయ్, ఫుకట్‌ల సూపిస్త," అని నవ్వాడు. నవ్వే స్థితిలో లేనని చెప్పాను. "మస్తు గరమున్నవ్ పొద్దుగాల్నే," అని ఆటో నడిపాడు. దారి పొడుగునా బూరుగు పూలు వడగళ్ళకు రాలి బురదలో కలిసిపోయి ఉన్నాయి. దూరప్రయాణానికి ముందు ఒళ్ళు చేసుకోవలసిన పిట్టకు అదే తిండి. అది పోయాక మరికొన్నాళ్ళు ఇక్కడే వెతుక్కోక ఏం చేస్తుంది?

ఎనిమిదిన్నరకు కుంట చేరేసరికి అంజిరెడ్డి, ఇద్దరు కూలీలు కిరసనాయిలు గుడ్డలు చుట్టిన కర్రలతో సిద్ధంగా ఉన్నారు. జమ్ములో ఒక్క పిట్ట లేదు.

"ఆపండి! అవి మేతకు పోయాయి. సాయంత్రం వస్తాయి," అన్నాను.

"ఏడున్నయ్ సారూ? ఒక్కటన్న సూపియ్యిండ్రి," అన్నాడు అంజిరెడ్డి. మోటారు గది గోడకు అంటించిన నా కాగితాన్ని వేలితో చూపించాడు. "నాలుగో ఐతారం. గిది మీ సంతకమేనా, కాదా? రేపు కూలీలు దొరకరు."

ఉత్తర గాలి గురించీ, మబ్బు గురించీ గట్టిగా ఉపన్యసించాను. చదువుకున్నవాడు గాలిని చూడకుండా గోడను చూస్తాడా అని నిలదీశాను. కూలీలలో ఒకడు నెమ్మదిగా అన్నాడు: "గోడ మీద రాసింది మీరే గద సారూ."

అప్పుడు గది నీడలో మంచం మీద కూర్చున్న అంజిరెడ్డి నాయనమ్మ నోరు విప్పింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. "ఓ బిడ్డా, గంత వొర్లుడెందుకు? జమ్ము ఆకుల మీద తెల్లగ రెట్టలున్నయా?"

వంగి చూశాను. ఉన్నాయి, సున్నం చల్లినట్టు.

"మొన్నటి వాన అంత కడిగి పాయె గద. మరి గా తెలుపు ఎవలు పెట్టిండ్రు, మీ తాతనా? వాన వెలిసినంక గూడ పిట్టలు ఈడనే పండినయ్." మనవడి వైపు తిరిగింది. "నా కండ్లు మంచిగున్నప్పుడు వరుసగ మూడు పొద్దులు సూసి, పిట్ట రాకుంటెనే అంటువెడుతుంటిమి. ఇగ కాయిదం దొరికింది, మీకు కండ్లు పోయినయ్."

ఐదేళ్ళు పుస్తకం నింపిన నాకు ఆ రెట్టల సంగతి తట్టలేదు. అంజిరెడ్డి కర్ర దించాడు గానీ, "గట్లయితే మీ కాయిదం తప్పని మీరే రాయిండ్రి. లేకుంటే రేపు ఇంకొకడు సదివి అంటువెడ్తడు," అన్నాడు. ముగ్గురి కళ్ళ ముందు, నా అక్షరాల మీదే అడ్డంగా గీత కొట్టి, "ఇది తప్పు" అని రాసి, మళ్ళీ సంతకం చేశాను.

సాయంత్రం ఐదు ముప్పావుకు తూర్పు నుంచి మొదటి గుంపు వచ్చింది. ఆ తరువాత లెక్కపెట్టడం మానేశాను. నల్లటి చీర దులిపినట్టు ఆకాశంలో మడతలు పడుతూ, జమ్ములోకి జారి, ఒక్కసారిగా కూతలు అందుకున్నాయి. "మరి ఎప్పుడు పోతయ్ సారూ?" అని అంజిరెడ్డి అడిగాడు. తెలియదన్నాను. ఆ మాట నా నోటికి అలవాటు లేదు.

నా కోపం ఇంకా చల్లారలేదు, కానీ అది అంజిరెడ్డి మీద కాదు. ఎండలు ముదిరిన ఏడాది ముందుగానూ, మబ్బూ ఎదురుగాలీ ఉన్న ఏడాది ఆలస్యంగానూ కదిలే ప్రాణులకు, ఆ తేడాలన్నీ చెరిపేసిన సగటును ముహూర్తంగా పెట్టడం చదువు కాదు, అహంకారం. ఏ ఒక్క ఏడాదీ ఆ తేదీన పిట్టలు పోలేదని నా పుస్తకమే చెబుతోంది. నేనే చదవలేదు. ఇలాంటి తేదీలు అచ్చువేసి పర్యాటకులను పిలిచేవాళ్ళ మీదా ఇదే నా అభియోగం.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా: బయలుదేరే ముందు ఆ ఊరివాళ్ళకు ఫోను చేసి, "పిట్టలు ఎప్పుడు వెళ్తాయి?" అని అడగకండి. "నిన్న సాయంత్రం వచ్చాయా?" అని అడగండి.