పెద్దమ్మ నోరు మూయించిన గోలీ

మా పెద్దమ్మ పోయింది. పొద్దున నేను వంటింట్లో ఉండగా ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసి, "అమ్మ లేదే ఇగ" అన్నాడు. ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను తిట్టే హక్కు ఆమె ఒక్కదానికే ఉండేది, ఆ హక్కును ఏనాడూ వృథా చేయలేదు. ఇబ్రహీంపట్నంలో మా వీధివాళ్ళను అడగండి, ఆమె నోరెట్లాంటిదో చెప్తారు.

అందరూ "తిన్నవా" అని అడిగి ఊరుకుంటారు. పెద్దమ్మకు అది చాలదు. "తిన్నవా అంటే అందరు తిన్ననే అంటరు. ఏం తిన్నవో చెప్పు" అనేది. పొరపాటున ఉప్మా అన్నానో, అదీ ఒక తిండేనా అని ఇక ఆ తిట్లు మీరు వినాలి! నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే మైదానం నుంచి లేచిన చిన్న విమానం మిద్దె మీదుగా పోతే, తలెత్తి దాన్నీ వదిలేది కాదు. "పొద్దుగాల్నే మొదలువెట్టినవా" అని కసిరేది.

భూముల ధరలు ఆకాశానికెక్కిన ఆ ఏళ్ళలో వాళ్ళ చెలక ప్లాట్లయింది, పెంకుటిల్లు పోయి మేడ వచ్చింది. అన్న ఎయిర్‌పోర్టుకు కారు నడిపేవాడు, వదిన ఆదిభట్ల దగ్గర ఒక కంపెనీలో పనికి పోయేది. పెద్దమ్మకు మతిమరుపు ముదిరి, గ్యాస్ తిప్పి మరిచిపోవడం మొదలయ్యాక, పగలు చూసుకునే మనిషి లేక ఆమెను నాదర్‌గుల్ వైపు ఒక వృద్ధాశ్రమంలో చేర్చారు. ఇష్టమై కాదు. చేర్చిన రోజు అన్న గేటు బయట కారులోనే చాలాసేపు కూర్చుండిపోయాడు.

అక్కడ గొడవ ఎందుకొచ్చిందో చెప్తే మీకు నవ్వొస్తుంది. పెద్దమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి తెల్లవారకముందే లేచి వాకిట్లో సాన్పి చల్లేది. పేడనీళ్ళు పడందే అది వాకిలి కాదు ఆమెకు. ఆశ్రమంలో పేడ ఎక్కడిది? వట్టి నీళ్ళే బకెట్‌తో తెచ్చి, గదుల ముందు నున్నటి టైల్స్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చల్లేది. ఆపబోతే, "వాకిలి ఊడ్వకుంట ఇంకా పండుకున్నరా" అని ఆయాల మీదికి లేచేది. ఒకరోజు ఒక పెద్దాయన జారిపడ్డాడు. వారానికోసారి వచ్చే డాక్టరు అంతా విని, కోపం తగ్గి నిద్ర పడుతుందని ఒక గోలీ రాశాడు.

దాంతో పెద్దమ్మ మంచిదైపోయింది. అంటే, ఆశ్రమం వాళ్ళ లెక్కలో. "ఇప్పుడు మంచిగున్నది, ఏం లొల్లి లేదు" అన్నారు. వదిన రోజూ ఫోన్ చేసేది. తిన్నదా అంటే తిన్నది, పడుకున్నదా అంటే పడుకున్నది. అన్నతో కలిసి నేను వెళ్ళి చూస్తే, పట్టపగలు కుర్చీలో తల వాల్చేసి ఉంది. పెదవి చివర చొంగ, చేతుల్లో సన్నటి వణుకు. ఉప్మా తిని వచ్చానని కావాలనే చెప్పాను. ఏమీ అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

బయటికొచ్చి, "గిది ముసల్తనం కాదన్నా" అన్నాను.

"మరేంది?"

"ఆ గోలీ ఏందో అడుగుదాం, నడువు."

పట్నంలో పెద్ద దవాఖాన డాక్టరుకు చూపించాం. ఆయన విడమరిచి చెప్పాడు. అది మతి చలించినవాళ్ళకు ఇచ్చే మందు, మతిమరుపును తగ్గించేది కాదు. ఒక్కోసారి కొద్దిరోజులు ఇవ్వాల్సి రావచ్చు. కానీ ముసలివాళ్ళకు అదేపనిగా వాడితే తూలి పడతారు, పక్షవాతం రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. "రాసినంక మళ్ళ ఎవరన్న చూసిండ్రా?" అని అడిగాడు. ఎవరూ చూడలేదు. రాసినాయన మరిచిపోయాడు, ఆయాలు ఇస్తూ పోయారు. మతిమరుపు మా పెద్దమ్మ ఒక్కదానికే కాదన్నమాట.

ఒక్కసారిగా మానకూడదని, ఆయనే మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. "మళ్ళ నీళ్ళు చల్లితే ఎట్ల?" అని ఆశ్రమం వాళ్ళు భయపడ్డారు. "గేటు పక్కన మట్టి ఉన్నది గద, గక్కడ చల్లనియ్యుండ్రి. ఒకామె తోడుంటే అయిపాయె" అంది వదిన. అంత చిన్న సంగతి అంతకుముందు ఎవరికీ తట్టలేదు.

కొన్ని వారాలకు మాట తిరిగొచ్చింది. మొదటి వడ్డింపు ఆయాకే: "గిది చాయా, బోళ్ళు కడిగిన నీళ్ళా?" ఆ మాట నాకు ఫోన్లో చెప్తూ అన్న నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. మతిమరుపు మాత్రం పోలేదు. అది పోయేది కాదు.

నేను చివరిసారి వెళ్ళినప్పుడు పెద్దమ్మ నన్ను గుర్తుపట్టలేదు. "ఎవల బిడ్డవమ్మా?" అంటూ పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"నాకొక చెల్లె ఉండె. దాని బిడ్డ ఒకతి ఉన్నది, ఒట్టి మొండిది. దాన్ని జూడక మస్తు రోజులాయె. నువ్వు గటుదిక్కు పోతె జర రమ్మని చెప్పు."

"చెప్త పెద్దమ్మా."

"తిట్టనని చెప్పు."

ఆ గోలీలు మింగినన్నాళ్ళు ఆమెకు ఎవరి మీదా బెంగ లేదు. అవి మానాక మాటతో పాటు బెంగపడటం కూడా మళ్ళీ వచ్చింది, అదీ నా మీదే. నేను పక్కనే ఉండి కూడా ఆ బెంగ తీర్చలేకపోయాను. నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఆటో ఎక్కి వెనక్కి చూశాను. పెద్దమ్మ గేటు కడ్డీలు పట్టుకుని నిలబడి, నా ఆటోను దాటి, దూరంగా రోడ్డు మలుపు దిక్కు చూస్తోంది, నేను వస్తున్నానేమోనని.