గడ్డం కుక్క మాదే

ఆ సాయంత్రం నేను మా కుక్కను మాది కాదన్నాను.

పంజాగుట్ట ఆఫీసు నుంచి మా మేనేజరు గారు నన్ను తన కారులో తెచ్చి అమీర్‌పేటలో మా ఇంటి ముందు దింపారు. కొత్త ప్రాజెక్టులోకి నన్ను తీసుకున్నది ఆయనే. నేను దిగీ దిగకముందే కుక్క పరుగెత్తుకొచ్చి నా బూటు మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"ఏంటండీ, ఈ వీధికుక్క మీకు చుట్టమా?" అని నవ్వారాయన.

"ఎవరిదోనండీ" అన్నాను, కాలు వెనక్కి లాక్కుంటూ. గేటు దగ్గర మా ఆరేళ్ల పాప కుక్క గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది.

నిజానికి అది టెర్రియర్. బెంగళూరుకు మారుతూ ఒక స్నేహితుడు మాకిచ్చి వెళ్లాడు. చిన్న ఒళ్లు, కొబ్బరి పీచులాంటి బిరుసు బొచ్చు, ముసలాయన గడ్డం. నీళ్లు తాగిందంటే ఆ గడ్డంతో హాలంతా తడిపేది. ఒకప్పుడు ఎలుకల్ని పట్టడానికి పెంచిన జాతి కాబట్టి, ఏ సందు కనిపించినా మూతి దూర్చేది. మిగతా వేళంతా మనిషి కాళ్ల దగ్గరే. దాని బొచ్చు కత్తిరిస్తే బిరుసు పోతుంది. ఊడడానికి సిద్ధంగా ఉన్న వెంట్రుకల్ని వేళ్లతో లాగాలి. ఆ పని ఓపిగ్గా చేసేది పాపే. సాఫ్ట్‌వేర్ జీతం వచ్చిన కొత్తలో నాకు అన్నీ మెరుస్తూ ఉండాలనిపించేది. ఎదురింటివాళ్ల తెల్లటి పొమేరేనియన్ కుక్క పక్కన దీన్ని నడిపించడానికి కూడా నామోషీ పడేవాణ్ని.

మర్నాడు పాపా నేనూ కుక్కతో కలిసి బల్కంపేట వైపు నడుస్తుంటే, చాయ్ దుకాణం భాయ్ పాపను పలకరించాడు.

"గీ గడ్డం సాబ్ మీదేనా బేటీ? మస్తున్నడు."

పాప నా ముఖం చూసింది. "కాదు" అంది.

"మరి గొలుసు నీ చేతిల ఎందుకున్నది?"

భాయ్ నవ్వాడు గానీ పాప నవ్వలేదు. "బయటివాళ్లకు అలాగే చెప్పాలి కదా నాన్నా?" అని మెల్లగా అడిగింది.

కుక్క మాత్రం ఎప్పటిలా నా బూటు మీదే కూర్చుంది.

అక్కడే, పాప వింటుండగా, మేనేజరు గారికి ఫోన్ చేశాను. "నిన్నటి కుక్క మాదేనండీ. సిగ్గుపడి కాదన్నాను."

"తెలుసులెండి" అన్నారాయన. "నిన్న మీకంటే ముందు అదే మీ ఇంటి మెట్లెక్కింది."

ఫోన్ పెట్టేసి భాయ్‌కి కూడా చెప్పాను, మాదేనని. ఇంటికొచ్చాక పాప పక్కన కూర్చుని, వెంట్రుకలు ఎలా లాగాలో నేర్పమన్నాను. మొదటిసారి గట్టిగా లాగినట్టున్నాను, కుక్క మూలిగింది.

"మెల్లగా నాన్నా" అని పాప నా వేళ్లు పట్టుకుని చూపించింది.