పదకొండు రోజులు ఎగిరిన డేగ

మొన్న మా అత్తమ్మకు చెవి మిషన్ కొనిద్దామని జగిత్యాలలో ఒక దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి అమ్మాయి మిషన్‌ను ఆమె చెవిలో పెడుతుంటే అది సన్నగా కుయ్యిమంది. చెవిలో సరిగ్గా కూర్చోకపోతే అట్లా కూస్తుంది, ఏం కాదు అందా అమ్మాయి. నాకు తెలియని సంగతేం కాదు. ఆ కూతను మూడేళ్లు ప్రతి పొద్దునా విన్నాను, ఇక్కడ కాదు, సౌదీలోని తబూక్‌లో, ఒక పికప్ బండిలో, నా పక్క సీట్లోంచి. అయినా వీపు మీద చన్నీళ్లు పోసినట్టయి గిరుక్కున పక్కకు తిరిగాను. పక్కన ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు. ఆ కూత వచ్చిందంటే అబూ నాయిఫ్ మిషన్ సర్దుకుంటున్నాడని, ఇక నేను నోరు తెరిచి చెప్పాలని అర్థం.

అబూ నాయిఫ్ అంటే నాయిఫ్ వాళ్ల నాన్న అని. అసలు పేరుతో ఆయనను పిలిచినవాళ్లను నేను చూడలేదు. నేను బాబా అనేవాణ్ణి. డెబ్బై దాటిన మనిషి. చక్కెర జబ్బు ముందు రెండు కళ్ళూ తీసుకుంది, తర్వాత ఎడమ పాదం తీసుకుంది. చెవులకు మిషన్లు పెట్టారు. ఇంత జరిగినా వేట మానలేదు. తుపాకీ వేట కాదు, డేగ వేట. గుడ్డాయన వేటాడుడేందని మా క్యాంపులో అందరూ నవ్వేవాళ్లు. అబద్ధమెందుకు, మొదట్లో నేనూ నవ్వాను.

నేను ఆయన కొడుకుల పొలాల్లో వెల్డర్‌ని. గడ్డి పొలంలో గుండ్రంగా తిరిగే నీటి గొట్టాలకు అతుకులు వేయడం నా పని. సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలని పెట్టిన నితాకాత్‌లో కంపెనీకిచ్చిన రంగు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారిందని కొందరిని పంపించారు. తర్వాత పరదేశి కూలీ తలకింత అని సర్కారు లెవీ వచ్చింది, ఇంకొందరిని పంపించారు. జాబితాలో నీ పేరు కూడా ఉందని పెద్దకొడుకు నాయిఫ్ నాతో చెప్పిన వారంలోనే ముసలాయన నన్ను పిలిపించాడు. బండిలోంచి ఎవరూ పట్టుకోకుండా దిగే సీటు కావాలన్నాడు. పాత ఆస్పత్రి కుర్చీ ఒకటి, పొలంలో పారేసిన మోటారు ఒకటి తెచ్చి, రెండు పట్టాల మీద బిగించాను. మీట నొక్కితే సీటు పక్కకు తిరిగి, బయటికి వచ్చి, మెల్లగా నేలకు దిగుతుంది. ఆయన పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు. వీణ్ణి నా పేరు మీద రాయించు అని కొడుకుతో అన్నాడు. అట్లా ఇంటి డ్రైవర్‌నయ్యాను. ఇంటి డ్రైవర్‌కు ఆ లెవీ లేదు.

అప్పటి నుంచి నా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఆయన వేట మీద నిలబడింది. వేట ఉంటే నేనుంటాను, వేట ఆగితే నేను విమానమెక్కుతాను. ఇక్కడ నా భార్య బీడీలు చేస్తూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది, నేను తిరిగొస్తే చేయడానికి పని లేదు. ఆ ముసలాయన చల్లగా ఉండాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు.

మా మధ్య నడిచింది విరిగిన అరబీ, కొంచెం ఉర్దూ. కానీ ఆయన మాటలు నా తలలో మా జగిత్యాల మాటలుగానే నిలిచిపోయాయి, అట్లాగే రాస్తున్నాను. డేగ పేరు షమ్మా. తోలు తొడుగు వేసిన ఆయన ఎడమచేతి మీద కూర్చునేది. దాని కళ్ళకు తోలు టోపీ, ఆయనకు నల్ల కళ్ళద్దాలు. ‘ఏం కనవడ్తుంది రాజేశం?’ అని అడిగేవాడు. కుందేలు లేచిందనీ, ఎటు పరిగెత్తుతోందనీ నేను చెప్పగానే, అల్లా పేరు తలచి, టోపీ తీసి చెయ్యి విసిరేవాడు. డేగ తోకకు వేలి కొస అంత ట్రాన్స్‌మిటర్ ఉండేది. ఆయన ఒళ్లో రిసీవర్, చేతిలో చేప ఎముకలాంటి యాంటెనా. దాన్ని అటూ ఇటూ తిప్పితే డేగ ఉన్న దిక్కున బీప్ గట్టిగా వస్తుంది. కళ్ళున్న నేను దారి తప్పాను గానీ ఆ బీప్ పట్టుకుని ఆయన ఒక్కసారీ తప్పలేదు. ఆ మైదానంలో ఆయనకు పడనివి కరెంటు తీగలు మాత్రమే. ఫోన్ వినడానికని చెవి మిషన్‌లో ఒక మీట ఉండేది, దాన్నెప్పుడూ దించడు, అందుకే కరెంటు హోరు కూడా చెవిలో పడేది. తీగల దగ్గరికి పోతే చెవిలో తేనెతుట్టె కదిలినట్టుందని తిట్టేవాడు.

మొదటి చలికాలంలోనే ఒక తప్పు చేశాను. షమ్మా పట్టిన కుందేలు దగ్గరికి ముందు నేను చేరాను. అది ఇంకా కొట్టుకుంటోంది. బతికి ఉన్నదాన్ని ఆయనే వచ్చి అల్లా పేరు చెప్పి కోయాలి, నా చెయ్యి పడితే అది ఆయనకు తినకూడనిది. ఆ సీటు నేలకు దిగి, ఆయన పాక్కుంటూ వచ్చేసరికి ఎంతసేపు! ఆ మూగజీవి కళ్ళు చూడలేక, ఇంటి దగ్గర చేసినట్టే మెడ మెలిపెట్టేశాను. ఆయన వచ్చాక షమ్మానే చంపిందన్నాను. డేగ చంపితే ఆయనకు చెల్లుతుంది మరి. ఆయన వేళ్లతో మెడను తడిమాడు. చాలాసేపు తడిమాడు.

‘డేగ ముక్కుతోని కొరుకుద్ది. గిట్ల మెలివెట్టది.’

‘సూడలేకపోయిన బాబా’ అన్నాను.

‘జాలితోని చేసినవ్, మంచిదే. మరి అబద్ధం ఎవలి మీద జాలితోని చెప్పినవ్?’ అని, ఆ కుందేలును డేగకే వేయించాడు. అరిచినా బాగుండేది. ఆ రోజు ఆయన వేళ్లంటే నాకు భయం పట్టుకుంది.

మూడో చలికాలంలో షమ్మా పోయింది. పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. వాగు అంచున కుందేలు లేచింది, డేగ దాని వెంట మంచులోకి దూరింది. దాని కాలికి కట్టిన గజ్జెల చప్పుడు ఆగింది. బీప్ మొదట అటూ ఇటూ ఊగి, తర్వాత ఒకేచోట నిలబడిపోయింది. ఆయనను బండిలోనే ఉంచి నేను నడిచి పోయాను. కరెంటు స్తంభం కింద పడి ఉంది షమ్మా. కుడికాలు మాడిపోయింది, రెక్క ఒకటి విప్పుకుని ఉంది. పక్కనే బీప్ బీప్ మంటూ ట్రాన్స్‌మిటర్ మాత్రం బతికే ఉంది.

అక్కడే కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. డేగ కోసమేనని చెప్పుకోవాలని ఉంది గానీ, కాదు. నాకోసం ఏడ్చాను. నెల తిరగకముందే ఇఖామా గడువు అయిపోతుంది. డేగ లేని గుడ్డాయనకు డ్రైవర్ ఎందుకని నాయిఫ్ అనకుండా ఉంటాడా? రాళ్లు పేర్చి డేగను పూడ్చి, ట్రాన్స్‌మిటర్ జేబులో వేసుకుని వచ్చి, ‘కొండ మీద కూసుంది బాబా. నేను పోతే ఎగిరిపోయింది’ అన్నాను. ఆయన చెవిలో వేలు పెట్టి మిషన్‌ను ఒకసారి కదిపాడు, అంతే.

మా గదిలో ఉండే నిర్మల్ ఊరి గంగారాంకు మాత్రమే చెప్పాను. ‘వారీ రాజేశం, పిట్ట సచ్చిందంటే నీకు తెల్లారే ఖురూజ్. కొత్త ఇఖామా చేతికచ్చేదాక దాన్ని ఎగురనియ్యి’ అన్నాడు వాడు. ఖురూజ్ అంటే ఇక తిరిగి రాకుండా పంపించడం.

ఎగరనిచ్చాను. రోజూ సాయంత్రం పొలం పని మీద పోయినట్టు పోయి, ట్రాన్స్‌మిటర్‌ను ఒక కొత్త చోట రాళ్ల మధ్య దాచేవాణ్ణి. పొద్దున్నే ఆయన యాంటెనా ఎత్తేవాడు. బీప్ వచ్చేది. దగ్గరికి పోయి, డేగను రప్పించే ఈకల తాడు తిప్పుతూ, ‘షమ్మా, షమ్మా’ అని పిలిచేవాడు. ఆ మైదానంలో ఆ పిలుపు పోతూనే ఉండేది, దేనికీ తగిలేది కాదు. ‘ఎట్లుంది?’ అనేవాడు. ఎండకు రొమ్ము చూపిస్తూ కూర్చుందనీ, రెక్క దువ్వుకుంటోందనీ చెప్పేవాణ్ణి. ‘నన్ను సూస్తుందా?’ అని అడిగాడొకసారి. చూస్తోంది బాబా అన్నాను. నా మాటకు నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఏడో రోజు బండరాయి కొసన షమ్మా నిజంగానే కూర్చుని కనిపించింది. మెడ తిప్పి నా వైపు చూసింది. రాయే అయి ఉంటుంది. కానీ ఆ వైపు మళ్ళీ చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటి దగ్గర అది కూర్చునే కొయ్య ముందు ఆయన రోజూ మాంసం ముక్క పెట్టిస్తున్నాడని వంటామె చెప్పింది. సాయంత్రానికి ఆ ముక్క ఉండదట. పిల్లులేనమ్మా అన్నాను.

పదకొండో రోజు పొద్దున్న ట్రాన్స్‌మిటర్ నా జేబులోనే ఉండిపోయింది. ముందు రోజు పొద్దున్న రాళ్లలోంచి తీసుకున్నదాన్ని, సాయంత్రం జ్వరం వచ్చి మళ్ళీ దాచలేకపోయాను. దాని స్విచ్ ఆపి ఉంది. ఈ రోజు సిగ్నల్ లేదు బాబా, వెనక్కి పోదామని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆయన యాంటెనా ఎత్తాడు. రిసీవర్‌లోంచి గాలి హోరు తప్ప ఏమీ రావడం లేదు.

‘అస్తుంది. కుడికి తిప్పు’ అన్నాడు.

నాకు వినిపించడం లేదు. జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాను. ట్రాన్స్‌మిటర్ చల్లగా, చచ్చి ఉంది.

‘ఇంకా కుడికి. ఇప్పుడు సీదా పోనియ్యి.’

పోనిచ్చాను. పోనివ్వక ఏం చేస్తాను? చెవి మిషన్ కుయ్యిమంది, ఆయన సర్దుకున్నాడు. వాగు దాటాం. కరెంటు స్తంభాలు ఒకదాని వెంట ఒకటి మంచులోంచి వచ్చి వెనక్కి పోతున్నాయి. దేవుడా, ఏదో ఒకటి చేసి ఈ బండిని ఆపు అని మొక్కుకున్నాను. ఒకచోట ఆయన ‘ఆపు’ అన్నాడు. సీటు పక్కకు తిరిగి, మోటారు మూలుగుతూ నేలకు దిగింది. ఆయన చెయ్యి చాపాడు. చాపిన చోటనే ఉన్నాయి నేను పేర్చిన రాళ్లు. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. ఎండిన రెక్క తగిలింది. దాన్ని కొస దాకా నిమిరాడు.

నేను మోకాళ్ల మీద పడ్డాను. ‘ఎట్ల తెలిసింది బాబా?’

‘అది పోయిన్నాడు బీప్ ఒక్కకాడ నిలవడ్డప్పుడే నా చెవుల తుట్టె కదిలింది. ఈ దిక్కున తీగలు ఒక్క వరుసనే ఉన్నయి. ఇయ్యాల ఆ చప్పుడు పట్టుకొని వరుస దాక అచ్చిన.’

‘ఈ స్తంభమేనని?’

‘అది నువ్వే చెప్పినవ్. ఈడికి అచ్చేసరికి బండి జర మెల్లగైంది. నీ ఊపిరి ఆగింది.’

ఇన్ని రోజులూ ఆయన వెతికింది డేగను కాదు, నన్ను. వేటగాడి ముందు కుందేలులా కూర్చున్నాను. తెలిసి తెలిసి ఎందుకు తిరిగారు, మొదటి రోజే ఎందుకు అడగలేదని ఏడుస్తూ అడిగాను.

‘రోజూ అడిగిన. ఎట్లుంది అని రోజూ అడిగిన’ అన్నాడు. రెక్క మీద చెయ్యి అట్లాగే ఉంచి, ‘నీ ఇఖామా పోయిన నెలనే కట్టిచ్చిన. పిట్ట కోసం గాదు. నువ్వు నా కండ్లని కట్టిచ్చిన. ఇప్పుడీ అబద్ధమాడే కండ్లతోని నేనేం జెయ్యాలె, చెప్పు’ అన్నాడు.

అంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఆయన కోసం చేశానని చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు. చివరికి ఆయనే, ‘ఇప్పుడు చెప్పు. ఎట్లున్నది?’ అన్నాడు. కుడికాలు మాడిందని, ముఖం కాలలేదని, కళ్ళు చీమలు తినేశాయని చెప్పాను. ఆయన ఒక్కొక్క మాటకూ తల ఊపాడు. ఇద్దరం కలిసి మళ్ళీ రాళ్లు పేర్చాం.

నన్ను పంపించేస్తాడనుకున్నాను. పంపించలేదు. కొత్త డేగనూ తేలేదు. రోజూ పొద్దున్నే మైదానానికి పోవడం మాత్రం మానలేదు. ‘ఏం కనవడ్తుంది?’ అంటాడు. ఏమీ లేదు బాబా, దుమ్ము, ఒక ఖాళీ నూనె డబ్బా అని చెప్పేవాణ్ణి. ఒకరోజు అందంగా ఉందన్నాను. ‘అందమంటే నాకేం తెలుస్తది? రంగు చెప్పు, దూరం చెప్పు’ అని కసురుకున్నాడు. చూడటమంటే ఏమిటో ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఒక గుడ్డాయన దగ్గర నేర్చుకున్నాను.

మరుసటి చలికాలం రాకముందే మిగిలిన కాలికి పుండు లేచింది. ఆస్పత్రి వరండాలో నాయిఫ్ నన్ను పక్కకు పిలిచాడు. డాక్టర్లు చేతులెత్తేశారనీ, నాన్నకు ఎవరూ చెప్పకూడదనీ అన్నాడు. ‘ఆయన నిన్నే అడుగుతాడు. నీ నోట్లోంచి వచ్చిందంటే నీకు ఖురూజ్ కొట్టిస్తాను’ అన్నాడు. చెడ్డవాడేం కాదు నాయిఫ్. వాళ్లలో అట్లా చెప్పరు, మనలోనూ చెప్పరు.

మధ్యాహ్నం కొడుకులు నమాజుకు పోయారు. గదిలో మేమిద్దరమే. చెవి మిషన్ కుయ్యిమంది.

‘రాజేశం, ఏం కనవడ్తుంది?’

నా భార్య, పిల్లలు, బీడీల చాట, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కిటికీ గురించి చెప్పవచ్చు. అవతల గోడ ఉంది, గోడ మీద పావురం ఉంది. అది కూడా నిజమే కదా.

‘మోకాలు దాక నల్లవడ్డది బాబా’ అన్నాను. ‘డాక్టర్లు మిమ్ముల సూస్తలేరు, మీ కొడుకుల మొకాలు సూస్తున్నరు. కొడుకులు నేల సూస్తున్నరు.’

‘ఎన్ని దినాలు?’

‘తెల్వది బాబా. ఎక్కువైతే లేవు.’

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ‘మంచిగ సూసినవ్’ అన్నాడు. నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. కొడుకులు వచ్చాక ఒక్కొక్కణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని తాను చెప్పాల్సింది చెప్పుకున్నాడు. ఎవరి భూమి ఎవరికి, ఎవరిని క్షమించాడు, ఎవరు తనను క్షమించాలి. సాయంత్రం దాకా ఆ మాటలు సాగాయి. నేను వరండాలో కూర్చున్నాను.

నాలుగో రోజు నాకు ఖురూజ్ పడింది. నాయిఫే విమానాశ్రయంలో దించాడు. దిగేటప్పుడు, పర్యవసానం తెలిసి కూడా ఎందుకు చెప్పావని అడిగాడు. ఆయన అడిగాడు అన్నాను. అంతకంటే నాకు అరబీ రాలేదు, తెలుగులో అయినా అంతకంటే ఏమీ లేదు. అబూ నాయిఫ్ పోయాడని వారానికి గంగారాం ఫోన్ చేశాడు.

ఇప్పుడు మా ఊళ్లోనే గేట్లకు, కిటికీలకు వెల్డింగ్ చేస్తున్నాను. దండిగా నడవదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ తిడుతుంది. అతుకు బలంగా లేకపోతే లేదనే చెప్తాను, బేరం పోయినా సరే. పదకొండు రోజులు ఒక మనిషి నా పక్కన కూర్చుని, నేను నిజం చెప్పడం కోసం ఓపిగ్గా ఎదురుచూశాడు. మళ్ళీ ఎవరినీ అంతసేపు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.