వెనక మెట్ల తాళం

పోయిన ఆదివారం ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో మా పాత విద్యార్థులు కలుసుకున్నారు. నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఒక కుర్రాడు మైకు పట్టుకుని, "సార్ చేయించిన ప్రాక్టీసు వల్లనే మా సీనియర్లు ఆ పొగల నుంచి బతికి బయటపడ్డరు" అన్నాడు. అతను ఆ అగ్నిప్రమాదం రోజు లేడు, విన్న కథ చెప్పాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను శాలువా కింద చెమటలు కక్కుతూ, ఈ హాలుకు రెండో దారి ఎక్కడుందా అని వెతుకుతున్నాను. పెళ్లికి వెళ్లినా ఇంతే. అందరూ వంటలు ఏమిటని వాసన చూస్తారు, నేను మెట్లు ఎటున్నాయో చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. అసలు సంగతి ఆమెకూ చెప్పలేదు.

మాది ప్రభుత్వ మేనేజ్‌మెంట్ కళాశాల. సొంత భవనం ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణాల పైన మూడో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. కింద మైకులో తగ్గింపు ధరల కేకలు, పైన మా పాఠాలు. పిల్లలు రెండూ కలిపి రాసుకునేవారేమో తెలియదు. బాధ్యతాయుత నిర్వహణ అని కొత్త పాఠ్యాంశం వచ్చినప్పుడు ఎవరూ ముట్టుకోలేదు. నల్గొండ వైపు నుంచి కొత్తగా వచ్చిన మేడం తీసుకున్నారు. ఎక్కడో సముద్రంలో చమురు ఒలకబోసిన కంపెనీ గురించి చెబుతారనుకున్నాను. ఆమె పిల్లలందరికీ కళ్లు మూయించి, ఎడమ చెయ్యి గోడకు ఆనించి, క్లాసులోంచి వెనక మెట్ల దాకా నడిపించారు. "మేడం క్లాసా, దాగుడుమూతలా?" అని స్టాఫ్ రూములో నవ్వుకున్నాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

వెనక మెట్ల తలుపుకు తాళం ఉండేది. వేయించింది నేను, విభాగాధిపతిని. హాజరు పలికి అటునుంచి అటే జారుకునేవారు పిల్లలు. తాళంచెవి నా జేబులోనే ఉండేది. మేడం వారం వారం నా గదికి వచ్చేవారు.

"సార్, జర ఆ తాళం తియ్యిండ్రి. కంపెనీలు గిట్ల ఉండాలె, గట్ల ఉండాలె అని చెప్తున్నం. మన మెట్ల సంగతేంది?"

"తీస్తే క్లాసులో మీరూ నేనే మిగులుతామమ్మా."

"పర్వాలేదు సార్. బతికుంటే మల్ల వస్తరు."

ఆ మాటకీ నవ్వాను.

ఒక మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో పని చూసుకుని తిరిగి మెట్రో ఎక్కాను. తలుపులు మూసుకుంటుండగా ఫోను మోగింది. మా విద్యార్థిని. "సార్, కింద కరెంటు మీటర్లు కాలుతున్నయ్. ముందు మెట్లనిండ పొగ. తాళంచెవి యాడుంది సార్?" వెనక దగ్గులు, ఏడుపులు. వాటి మధ్యలో మేడం గొంతు, "గోడ ఇడవకుండ్రి, గోడ ఇడవకుండ్రి" అని. ఫోను కట్టయింది. తాళంచెవి నా పిడికిలిలో ఉంది. రైలు దాని తీరున అది, చల్లగా, నింపాదిగా, స్టేషను స్టేషనుకూ తలుపులు తెరిచి ఎవరి కోసమో ఆగుతూ పోయింది. పక్కనున్న పెద్దాయన "ఏమైంది సాబ్, పానం బాగలేదా?" అన్నాడు. అంత భయం నాకు అంతకుముందు తెలియదు. నిజం చెప్పాలంటే అందులో సగమే పిల్లల కోసం, మిగతా సగం నా కోసం.

పరుగెత్తి వెళ్లేసరికి పిల్లలందరూ రోడ్డు మీద ఉన్నారు, మసిపట్టిన ముఖాలతో, ప్రాణాలతో. మేడం గోడకు వేలాడే, మంటలార్పే ఎర్ర సిలిండరుతో తాళం పగలగొట్టారట. ఆమె అరచేతుల నుంచి రక్తం కారుతోంది. నన్ను చూశారు. మళ్లీ పిల్లల తలలు లెక్కపెట్టుకోసాగారు.

విచారణకు వచ్చిన పెద్దలు తలుపుకు తాళం ఎవరు వేశారని అడిగారు. "మేడం ఆ తలుపు దగ్గర ఏవో ప్రయోగాలు చేయిస్తుంటారు. అందుకోసం వేయించారేమో" అన్నాను. ఆ 'ఏమో' చాలింది. ఆమెను దూరపు జిల్లాకు బదిలీ చేశారు. పాఠ్యాంశం నాకు వచ్చింది. ఆమె నేర్పిన గోడ నడకనే నేను ఏటా చేయించాను, పేరు నాకు వచ్చింది. తాళం నాది. ప్రాణాలు కాపాడింది ఆమె. ఇదీ నిజం.

శాలువా కప్పిన మర్నాడు ఆమెకు ఫోను చేసి, వేదిక మీద చెప్పలేనిదంతా చెప్పాను. "నాకెర్కనే సార్" అన్నారు చివరకు. "ఆ తలుపు ఇప్పుడెట్లుంది?"

నాకు తెలియదు. మేం ఖాళీ చేశాక అటు వెళ్లనే లేదు. ఆ సాయంత్రమే వెళ్లాను. మూడో అంతస్తులో ఇప్పుడు కోచింగ్ సెంటరు, గది నిండా పిల్లలు. వెనక మెట్ల తలుపుకు మెరిసిపోతున్న తాళం. ఎందుకు వేశారని అడిగితే అక్కడి మేనేజరు నావైపు జాలిగా చూసి, "తీస్తే క్లాసులు ఎగ్గొట్టి పోతారండీ" అన్నాడు.

అది తెరిచేదాకా కదలనని తలుపు ముందే కూర్చున్నాను. ఆయన ఎవరికో ఫోను చేస్తున్నాడు. ఇన్నేళ్లలో నా జుట్టు నెరిసింది, రోడ్డు మారింది, దుకాణాలు మారాయి. కాలం ఆ తలుపు దగ్గర మాత్రం పాత తాళం తీసి కొత్తది వేసి వెళ్లిపోయింది.