నీళ్లలో లేచిన చెయ్యి

కబడ్డీలో అవతలి జట్టువాళ్లు పట్టి లాగినప్పుడు నా కుడి భుజం జారింది. దవాఖానలో ఎముకను మళ్లీ కూర్చోబెట్టారు కానీ, నెలలు గడిచినా చెయ్యి ఛాతీ దాకా కూడా లేవలేదు. తండాలో అమ్మే నాకు జడ వేసేది. ఇక ఆట అయిపోయిందనుకున్నాను.

భూపాలపల్లిలో ఫిజియోథెరపీ చేసే అక్క నన్ను ఈతకొలనులోకి దింపింది. నాకు ఈత రాదు. భయంతో ఎడమచేత్తో గట్టును పట్టుకున్నాను.

"భుజంల ఎముక గుండు కూసునే గిన్నెకు లోతు ఉండదు. కండలే దాన్ని పట్టుకొని ఉంటయి. నీ కండలు బెదిరినయి," అంది అక్క. "మెడ దాకా మునిగి కుడి చెయ్యి వదిలెయ్. నువ్వేం లేపకు."

వదిలేశాను. కాసేపటికి పక్కకు చూస్తే, భుజానికి సమంగా ఒక చెయ్యి తేలుతోంది. అది నాదేనని వెంటనే తట్టలేదు.

"అక్కా, నువ్వు లేపినవా?"

ఆమె తన రెండు చేతులూ పైకెత్తి చూపింది. "నేను ముట్టనే లేదు. నీళ్లే మోస్తున్నయి."

బయటికి రాగానే చెయ్యి మళ్లీ బరువుగా వేలాడింది. ఏడుపొచ్చింది. అయినా వారం వారం మా తండా దగ్గరి నర్సింహులపేట నుంచి బస్సెక్కి వెళ్లాను. చలికాలానికి నీళ్ల బయట కూడా చెయ్యి తలపైకి లేచింది. ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను. ఎవరైనా ఆ చెయ్యి పట్టుకుంటే మాత్రం గుండె ఝల్లుమంటుంది.