లోపల మడిచిన బట్ట

"టేపు పెట్టకుండా కుడతావా? పాడైతే బట్ట డబ్బులు నువ్విస్తావా?" అని ఒక హెడ్మాస్టరు మా వీధి టైలరుని నిలదీశాడు.

టైలరు మిషను మీంచి తల పూర్తిగా ఎత్తనైనా ఎత్తలేదు. "ఛాతీ నలభై, పొట్ట నలభై మూడు. పొట్ట సంగతి బయటికి చెప్పనులెండి," అన్నాడు. హెడ్మాస్టరు ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ఇంకో కొట్టు గడప తొక్కలేదు.

ఆ కంటికొలత టైలరుకి అన్నం పెట్టింది. ఒక్కసారి మాత్రం అది లేకపోతే బాగుండేదనిపించింది.

అతని తమ్ముడు విదేశంలో, ఒక దీవిలో టూరిస్టు బస్సు నడిపేవాడు. తొమ్మిదేళ్ళ తర్వాత అన్న అతన్ని చూడటానికి బయల్దేరాడు. కూర్చుని చేసే ఉద్యోగం, ఒళ్ళు చేసి ఉంటాడని, పాత కొలతకి అంగుళంన్నర కలిపి, పక్క కుట్లలో ఇంకాస్త బట్ట వదిలి ఆరు చొక్కాలు కుట్టి పట్టుకెళ్ళాడు.

పడవ రేవు చేరకముందే తమ్ముడు కనిపించాడు, చెయ్యి ఊపుతూ. వెళ్ళినప్పుడు ఛాతీ నలభై. ఇప్పుడు ముప్ఫై నాలుగు.

"ఏంట్రా ఇలా అయిపోయావు?"

"డైటింగు, అన్నయ్యా. నీ మరదలు అన్నం కొలిచి పెడుతోంది."

మరదలు నవ్వబోయి, సంచీ అందుకునే మిషతో వంగింది.

మర్నాడు అద్దె కారులో ముగ్గురూ దీవి చుట్టారు. చలికాలమైనా చలి లేదు. తడిగాలి, నల్లటి రాళ్ళు, ఒకే వాలు మీద పైనుచెట్లూ తాటిజాతి చెట్లూ. "ఇప్పుడు కుడివైపు చూడండి," అంటూ తమ్ముడు బస్సు గొంతుతో మొదలుపెడితే మరదలు, "టిక్కెట్టు కూడా కొట్టండి," అంది.

లైట్‌హౌసుకి నూటపది మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర తమ్ముడు ఆగి, "ఇక్కణ్ణుంచి సముద్రం బాగుంటుంది," అన్నాడు. నిజమే, కిటికీ ఉంది. ముప్ఫయ్యో మెట్టు దగ్గరా అదే మాట అన్నాడు. అక్కడున్నది గోడ.

అన్న ఆ గోడనే కాసేపు చూసి, "అవున్రా, బాగుంది," అన్నాడు.

ఆ మాటకి తమ్ముడు మెట్టు మీద కూలబడ్డాడు. "కడుపులో గడ్డ. రెండుసార్లు కోశారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చొక్కాలు చిన్నవి కుట్టేవాడివి."

ఇంటికొచ్చి చొక్కా తొడిగితే మనిషి లోపలెక్కడో ఉన్నాడు. అన్న కుట్లు విప్పి, కత్తెర తీశాడు. అంత బట్ట లోపల వదిలితే పక్కలు ఉబ్బుతాయి. పనివాడెవడైనా అలా చేస్తే ఆ చొక్కా వాడి మొహాన కొట్టేవాడు.

"కత్తిరించకు అన్నయ్యా. లోపలే మడిచెయ్యి. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు."

మరదలు గుమ్మంలో ఆగి కత్తెరనే చూస్తోంది.

టైలరు కత్తెర పెట్టెలో పడేశాడు. నాలుగు రోజులు కూర్చుని, ఆరు చొక్కాలకీ బట్టంతా లోపలికి మడిచి చేత్తో కుట్టాడు. జన్మలో అంత మోటు పని చెయ్యలేదు.

"కూలెంత?" అన్నాడు తమ్ముడు.

"చొక్కాకి నాలుగొందలు. తమ్ముడివని తగ్గించేది లేదు."

"సరే, ఈ కుట్లు విప్పించుకోడానికి వస్తాగా, అప్పుడిస్తాను."

అయిదు నెలలకి మరదలు ఒక పెట్టె పంపింది. అందులో అయిదు చొక్కాలు. ఆరోది అతని ఒంటిమీదే పంపించారు. అయిదింటిలో ఒక్క కుట్టూ విప్పి లేదు.

ఓదార్చడానికొచ్చిన హెడ్మాస్టరు, "అంతా పైవాడి నిర్ణయం," అన్నాడు.

"మీ పాంటు బిగుతైంది. ముందు దాని కుట్లు విప్పించుకోండి," అన్నాడు టైలరు.

ఆరు చొక్కాల కుట్టుకూలి, రెండువేల నాలుగొందలు, ఇంకా రావాలి.