మా పెంకుటింటికి సోలారు కొక్కేలు

పాప పుట్టిన ఆ తొలి ఎండాకాలంలో మాకొక గట్టి నమ్మకం ఉండేది. ఫోనులో వీడియో ఒకటికి రెండుసార్లు చూస్తే ఏ పనైనా చేతికి వచ్చేసినట్టేనని. ఆ నమ్మకంతోనే నేను పసిపిల్లకి నీళ్ళు పోయడం నేర్చుకున్నాను, ఆ నమ్మకంతోనే మా ఆయన కుక్కరు బాగుచేశారు (అది ఇప్పటికీ అత్తయ్యగారు మూత మీద ఒకటిస్తేగానీ కూత వేయదు). ఈ రోజుల్లో ఏ వీడియో చూసినా నేను ముందు దాని కింద జనం రాసిన మాటలు చదువుతాను, ఎవరు పడ్డారో, ఎవరికి ఏం విరిగిందో తెలుసుకోవడానికి. అప్పట్లో అంత తెలివి లేదు.

మా అత్తవారిది మొగల్తూరు దగ్గర ఒక పల్లె. నేను రాజమండ్రిలో స్లాబు కింద పుట్టి పెరిగినదాన్ని. సముద్రం దగ్గర ఊరు కదా, చల్లగా ఉంటుందనుకుంటూ కాపురానికి వచ్చాను. ఉక్క అంటే ఏమిటో వచ్చాక తెలిసింది. మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకి కరెంటు పోయేది. పాప మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి. బీఎస్సీ చదివిన తల్లిని కాబట్టి వాటి గురించి ఫోనులో దొరికినదంతా చదివి, ఒక్కో చెమటకాయలో ఒక్కో పెద్ద జబ్బుని చూసి ఏడుస్తూ కూర్చునేదాన్ని. అది చూడలేక మా ఆయన సోలారు వాళ్ళని పిలిపించారు. వచ్చినవాళ్ళు ఇంటి చుట్టూ తిరిగి, పైకి చూసి, "పెంకుల మీద మేం ఎక్కమండి. స్లాబు వేసుకున్నాక ఫోన్ చెయ్యండి" అని టీ తాగి వెళ్ళిపోయారు. స్లాబు వేసుకునే నాటికి పాపకి పెళ్ళీడు వస్తుంది. ఆ సాయంత్రమే మా ఆయన వీడియో దొరికించుకున్నారు. ఏ దేశమో తెలియదు, ఒక తెల్లాయన పెంకు పైకెత్తి, ఇనప కొక్కేన్ని లోపలి వాసానికి మరలతో బిగించి, పెంకు మళ్ళీ మూసేసి, ఆ కొక్కేనికి సోలారు పలక తగిలించి, ఈల వేసుకుంటూ దిగిపోయాడు. "అంతేనా?" అన్నాను. "అంతే" అన్నారు మా ఆయన. నరసాపురంలో వెల్డింగు షాపువాడి చేత అలాంటి కొక్కేలే చేయించి, రెండు పలకలు, ఒక బ్యాటరీ కొనుక్కొచ్చారు.

చిక్కల్లా అత్తయ్యగారితో వచ్చింది. మా ఇంట్లో వానలకి ముందు ఏటా పెంకులన్నీ దింపి, విరిగినవి మార్చి, మళ్ళీ పేర్పిస్తారు. ఆ ఏడాది పని అయి వారం కూడా కాలేదు. పైగా ఎండ బాగా పడేది పెరటి వాలు మీద, ఆ వాలు కిందే నడింటి గది, ఆ గదిలోనే పాప ఉయ్యాల. "పెట్టుకోండి, కాదన్ను," అన్నారావిడ. "కొక్కేనికి ఒక్క పెంకే తియ్యాలి, రెండోది ముట్టుకోకూడదు. ఆ గదిలో ఒక్క చుక్క కారిందా, మర్నాడు పొద్దున్నే మొత్తం కిందకి దిగిపోవాలి. నా మనవరాలు తడిసిందంటే నేనూరుకోను." నాకు ఫ్యానూ కావాలి, పాప తడవకూడదు, మా ఆయన పడకూడదు. దేనికి ఎక్కువ భయపడాలో తెలియక మూడింటికీ సమానంగా భయపడ్డాను.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. మా ఆయన పెంకుల మీద గోనె సంచులు పరుచుకుని ఎక్కారు. ఆయన నడుముకి తాడు కట్టి, రెండో కొస ఇంటి కొప్పు మీదుగా అవతలికి వేసి, వాకిట్లో కొబ్బరిచెట్టుకి నేనే కట్టాను. మావయ్యగారు నిచ్చెన పట్టుకుని నిలబడి ఆ తాడుని కాసేపు పరిశీలించారు. "బావుందమ్మా. మీ ఆయన కింద పడి, లేచి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చినా ఇంకా మిగుల్తుంది" అన్నారు. (తర్వాత బిగించి కట్టాను. అప్పుడు మా ఆయన కొప్పు దగ్గర్నుంచి కదలలేకపోయారు. మళ్ళీ వదులు చేశాను.) వెనక కాలవ గట్టు మీద వెళ్ళేవాళ్ళందరూ ఆగి, "ఏంటండీ, మొన్ననేగా పెంకు వేయించారు, మళ్ళీనా?" అని అడగడం, మావయ్యగారు నిచ్చెన వదలకుండా సూర్యుడి దగ్గర్నుంచి ఫ్యాను దాకా మొత్తం వివరించడం, వాళ్ళు "అయితే కరెంటు బిల్లు రాదా?" అనడం, ఇలా ఎండెక్కింది.

ఏ పెంకు కింద వాసం ఉందో పైనుంచి తెలియదు. వీడియోలో వాసాలు గీత గీసినట్టున్నాయి. మావి తాటివాసాలు, ఒక్కోటి ఒక్కో దారిన పోతాయి. దానికి ఉపాయం అత్తయ్యగారే చెప్పారు. ఆవిడ లోపల స్టూలెక్కి, వాసం పక్కన పెంకుల సందులోంచి చీపురుపుల్ల ఒకటి పైకి దూరుస్తారు. పైన మొలిచిన ఆ పుల్ల చూసి, దాని పక్క పెంకు ఎత్తితే కింద వాసం ఉంటుంది. ఏ పక్కో ఆవిడ చెబుతారు, పాపని భుజాన వేసుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఆ మాట నేను పైకి అందించాలి.

ఆ ఇంట్లో ఎవరూ కుడి, ఎడమ అనరు. అన్నం తింటుంటే "ఆ పులుసు గిన్నె కాస్త పడమటికి జరుపు" అంటారు. నిద్రలో కూడా వాళ్ళకి దిక్కులు తెలుస్తాయి. నాకు దిక్కులంటే భూగోళం పుస్తకంలోవే. అత్తయ్యగారు లోపల్నుంచి "తూర్పు పెంకు" అనగానే నేను ఒక్క క్షణం ఆలోచించి, చదువుకున్నదాన్ని కదా, అందరికీ సులువుగా ఉండాలని "కుడిపక్కదండీ!" అని మార్చి చెప్పేదాన్ని. మొదట్లో బాగానే సాగింది. రెండు కొక్కేలు బిగిశాయి. మూడో కొక్కెం మావయ్యగారి చేతిలోంచి అందుకోవడానికి మా ఆయన ఇటు తిరిగారు. తిరిగి, మా వైపు ముఖం పెట్టుకునే కూర్చుండిపోయారు.

"తూర్పు" అన్నారు అత్తయ్యగారు. "కుడి" అన్నాను నేను. మా ఆయన కుడిచేతి పెంకు ఎత్తారు. వాసం లేదు. దాని పక్కది ఎత్తారు. అక్కడా లేదు. "సరిగ్గా కనుక్కో!" అన్నారు పైనుంచి. "ఇంకా తూర్పు!" అని లోపల్నుంచి. "ఇంకా కుడికండీ!" అన్నాను నేను. ఇంకోటి లేచింది. లోపల అత్తయ్యగారి కేక వినిపించింది. "అమ్మాయ్, ఆకాశం కనపడతందే! తూర్పంటే పడమటికి పోతాడేంటి, వీడు పుట్టింది ఈ ఇంట్లోనేనా?" ఆ మాట కూడా అందించాలా అని నేను ఆలోచిస్తుండగానే, ఆవిడ చీపురు తిరగేసి, దాని మొదలుని ఆ కంతలోంచి పైకి పొడిచి "ఇటురా, ఇటు!" అన్నారు. కాళ్ళ మధ్య చీపురు మొలిచేసరికి మా ఆయన అదిరిపడ్డారు. పక్కన పెట్టిన పెంకు ఒకటి జారి, వాలు మీద గరగరా దిగి, చూరు దాటింది. మావయ్యగారు రెండు చేతులతో దాన్ని గుండెల మీద పట్టుకున్నారు. పెంకు విరగలేదు. ఆయన దాన్నీ, ఆ తర్వాత నిచ్చెననీ చూసి, "నిచ్చెన వదిలేశానర్రా" అన్నారు, ఎంతో బాధగా.

సాయంత్రానికి పలకలు బిగిశాయి. నడింట్లో ఫ్యాను గిర్రున తిరిగింది. పాపని తెచ్చి ఉయ్యాలలో వేయబోతే అత్తయ్యగారు అడ్డం నిలబడ్డారు. "వాన పడనీ. కారదని తేలాక వేద్దాం." బిందెతో నీళ్ళు పోసి చూపిస్తామన్నాం. "బిందె నీళ్ళు నిలువుగా పడతాయి, మన వాన అడ్డంగా కొడుతుంది" అన్నారు. ఉయ్యాల వసారాలోకి మారింది. అందుకని ఆ మిగిలిన ఎండాకాలమంతా పాప వసారాలో చెమటలు కక్కుతుంటే, పాప కోసం పెట్టిన ఫ్యాను కింద మావయ్యగారు గుర్రుపెట్టి నిద్రపోయేవారు. (ఖాళీగా తిరుగుతుంటే పాడైపోతుందమ్మా అని నాతో అన్నారు.) నేను రోజుకి పదిసార్లు మబ్బు కోసం చూసేదాన్ని. మబ్బు పట్టగానే గుండె దడ, విడిపోగానే నీరసం.

చివరికి ఒక సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చింది వాన, అత్తయ్యగారు చెప్పినట్టే అడ్డంగా. నలుగురం నడింట్లో నిలబడి తలలు వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాం. పాప నా భుజాన నిద్రపోతోంది. చాలాసేపు ఏమీ లేదు. మా ఆయన ముఖంలో నవ్వు మొదలైంది. అప్పుడు పడింది. ఒకే ఒక్క చుక్క, మూడో కొక్కెం కింద, గచ్చు మీద, టప్పుమని.

"రేపు దించేస్తానమ్మా" అన్నారు మా ఆయన నెమ్మదిగా. మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఆ చుక్క కొత్తది కాదే. మా నాన్న రోజుల నుంచీ అక్కడే పడుతుంది. నాకు తెలుసు."

అత్తయ్యగారు ఆయన వైపు తిరిగారు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ గది తుడుస్తున్నాను. నాకు తెలీని చుక్కా?"

"నువ్వు రాకముందుది."

ఆవిడ ఆయన్ని చూశారు, తిరుగుతున్న ఫ్యానుని చూశారు, నా భుజం మీద పాప మెడ చూశారు. ఇంకో చుక్క పడింది. "సరే. మీ నాన్నగారి చుక్కయితే మీ నాన్నగారి ఇత్తడి చెంబే పెట్టండి దాని కింద. నా గిన్నెలు ముట్టుకోకండి" అని, వసారాలోంచి ఉయ్యాల తనే విప్పి తెచ్చి, చుక్క అందని చోట దూలానికి కట్టారు. మర్నాడు మా ఆయన ఎక్కి ఆ కొక్కెం దగ్గరి పెంకు సరిచేశాక ఆ చుక్క కూడా ఆగిపోయింది. మావయ్యగారు మాత్రం ఎక్కడ పడుకోవాలో తెలియక వారం రోజులు ఇల్లంతా తిరిగారు.

ఆ వాన రాత్రంతా నేను పడుకోలేదు. చుక్క ఇంకెక్కడైనా పడుతుందేమోనని ఉయ్యాల పక్కనే నిలబడి పైకి చూస్తూనే ఉన్నాను. తెల్లారేసరికి మెడ పట్టేసింది, పాప మాత్రం ఒళ్ళు మరిచి నిద్రపోయింది. ఇప్పుడు దానికి ఐదేళ్ళు. వాన వస్తే చూరు కింద నిలబడి కావాలనే తడుస్తుంది, రమ్మంటే రాదు. దాని వెనక తువ్వాలు పట్టుకుని పరిగెడుతూ ఒక్కోసారి ఆ రాత్రి ఉయ్యాల పక్కన నిలబడ్డ ఆ పిల్లతల్లిని తలుచుకుంటాను. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, కూర్చోవమ్మా, నువ్వు చూసినా చూడకపోయినా అది పడేచోటే పడుతుంది, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. నాకు తెలుసు.